తైస్తో బాబాయి రాయి ఒప్పుకోదు

తైస్తో బాబాయికి ఒకటే తిక్క. తన సానరాయికి మనసుందని నమ్ముతాడు. నమ్మకమంటే మామూలు నమ్మకం కాదు. మా కార్నలాహ్తి ఊళ్ళో పాస్టరుగారికి దేవుడి మీద అంత నమ్మకం ఉందో లేదో నేను చెప్పలేను.

మా మంచు హాలులో హాకీ పిల్లల స్కేట్లకు, అంటే మంచు మీద జారడానికి అడుగున ఇనుప అంచు బిగించిన బూట్లకు, సానపట్టడం ఆయన పని. టిక్కెట్ల కిటికీకీ బట్టలు మార్చుకునే గదులకీ మధ్య, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత గది ఆయనది. అందులో ఒక మోటారు, దానికి తిరిగే రాయి, ఒక బల్ల, ఫ్లాస్కు నిండా వేడి వేడి నీలిపండ్ల జావ. స్కేటు అంచు అరిగితే మంచు మీద కాలు నిలవదు. అందుకని వారానికి రెండు మూడుసార్లు ఊళ్ళో పిల్లలందరూ ఆయన కిటికీ ముందు నిలబడాల్సిందే.

“తాతా, సాన.”

బాబాయి స్కేటు అందుకుని, అంచు మీద బొటనవేలి గోరు రాసి, ఇచ్చినవాళ్ళ మొహం ఒకసారి చూసేవాడు. తర్వాత రాయి మీద అరచెయ్యి వేసి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు కాసేపు కళ్ళు మూసుకునేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు మోటారు మీట నొక్కేవాడు. పదోసారి తల అడ్డంగా ఊపేవాడు.

“ఊహూఁ. ఇవాళ రాయి ఒప్పుకోవట్లేదు. స్కేట్లు ఇక్కడ పెట్టి ఇంటికెళ్ళు. రేపు రా.”

ఇక అంతే. దేశాధ్యక్షుడు వచ్చి కిటికీ ముందు నిలబడినా రాయి తిరగదు. ఆ రాయి ఆరు నెలలకోసారి అరిగిపోతుంది, ఆయన కొత్తది బిగిస్తాడు. అయినా పేరు మారదు, రోగాలూ మారవు. పేరు హిల్కా. ఆవిడకు జలుబు చేస్తుంది, తలనొప్పి వస్తుంది, సోమవారాలు కొంచెం దిగులుగా ఉంటుంది. మా దేశంలో ఒక్కో పేరుకూ క్యాలెండరులో ఒక పండుగరోజు ఉంటుంది. ఒకసారి హిల్కా పేరు పండుగని సెలవిచ్చాడు. పాస్టరుగారు క్యాలెండరు తెచ్చి చూపించారు.

“ఇవాళ హిల్కాల పండుగ కాదు కదయ్యా!”

“మీది కొత్త క్యాలెండరండీ. ఆవిడ పాతకాలం మనిషి,” అన్నాడు బాబాయి.

మా జట్టులో గోల్ కాసే గోలీ కుర్రాడి తండ్రి పెర్టు అని ఒక వడ్రంగి ఉండేవాడు. కొడుకు స్కేట్లు మూడోసారి తిరిగొచ్చేసరికి, పొగబెట్టిన చేప ఒకటి కాగితంలో చుట్టి లంచం పట్టుకొచ్చాడు. బాబాయి ఆ చేపను అక్కడికక్కడే, ముల్లు ముల్లూ తీసి, తీరిగ్గా తిన్నాడు. చేతులు తుడుచుకుని, “చాలా బాగుంది పెర్టూ. కానీ హిల్కా చేపలు తినదు,” అన్నాడు. పెర్టు నెల్లాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

పక్క ఊళ్ళో సానపట్టే యంత్రం ఉంది, అరవై కిలోమీటర్లు. అంత దూరమైనా తీసుకెళ్తామని తల్లిదండ్రులు సిద్ధపడితే పిల్లలే ఒప్పుకునేవారు కాదు. తాత సానే కావాలనేవారు. రాయికి జబ్బుచేస్తే ఇంటికి పోయి పడుకుంటామనేవారు గానీ యంత్రం దగ్గరకు రామనేవారు. ఇదేం మూఢభక్తో మాకు అర్థమయ్యేది కాదు.

నా సంగతి చెప్పాలి. పేరు ఐలా. పగలు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తాను. మిగతా సమయమంతా జూనియర్ జట్టుకు మేనేజర్ని. మేనేజరంటే చొక్కాలు ఉతకడం, బస్సు మాట్లాడటం, టాయిలెట్ కాగితం అమ్మడం. మా దేశంలో పిల్లలను హాకీకి పంపాలంటే ఆ ఖర్చుల కోసం తల్లిదండ్రులు ఇల్లిల్లూ తిరిగి ఆ కాగితం కట్టలు అమ్మాలి. నాలుగేళ్ళలో నేను నాలుగు వందల కట్టలు అమ్మాను. మా ఊళ్ళో నన్ను చూడగానే తలుపు తీసి, “ఇంకా ఉంది ఐలా, పోయిన నెలదే ఉంది,” అనేవాళ్ళు.

ఇదంతా మా అమ్మాయి విల్యా కోసం. పదహారేళ్ళది. మా ఊళ్ళో ఆడపిల్లలకు వేరే జట్టు లేదు కాబట్టి మగపిల్లలతోనే ఆడుతుంది, వాళ్ళనే కింద పడేస్తుంది.

ఆ ఏడు శరత్కాలంలో మా కోచ్ ఓస్మో ఒక సభ పెట్టాడు. ఓస్మో మంచివాడే, కాకపోతే దేశం బాగుపడాలన్న తొందర ఉన్న మనిషి. పందొమ్మిదో ఏట మోకాలు పోయి ఆట మానేశాడు. ఇప్పటికీ మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కుతాడు. తను ఎక్కలేని చోటికి పిల్లలను ఎక్కించాలని తాపత్రయం. రాజధాని నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించి, తెర మీద బొమ్మలు వేయించాడు. మన జాతీయ జూనియర్ జట్లు ఎందుకు వెనకబడుతున్నాయి, పదిహేనేళ్ళ స్వీడన్ పిల్లలు వారానికి ఎన్ని గంటలు మంచు మీద ఉంటారు, మన పిల్లలు ఎన్ని గంటలు ఉంటారు. స్వీడన్‌తో మాకు పాత పోటీ, ఆ పేరెత్తితే చాలు, మావాళ్ళు మంచం మీదున్నా లేచి పరిగెడతారు. అందరం కుర్చీల్లో ముందుకు జరిగాం.

ముప్పై ఒకటో పేజీ దగ్గర కాఫీ వాసన వచ్చింది. మా దేశంలో కాఫీని ఎవరూ చల్లారనివ్వరు. అందరం లేచాం. నిపుణుడు పెద్దమనిషి, ఖాళీ కుర్చీలకు మిగతాదంతా చెప్పి ముగించి, తనూ వచ్చి కప్పు పట్టుకున్నాడు.

కాఫీ బల్ల దగ్గరే ఓస్మో ప్రకటించాడు. “ఇకనుంచి వారానికి తొమ్మిదిసార్లు మంచు మీదికి. పొద్దున ఆరింటికోటి, బడయ్యాక ఇంకోటి.”

బాబాయి అలాంటి సభలకు బన్ను కోసం వస్తాడు. నోట్లో బన్నుతోనే, “తొమ్మిదా? రాయి ఒప్పుకోదు,” అన్నాడు.

“రాయినెవరు అడిగారు బాబాయ్?”

“నువ్వడగవు కదరా. అందుకే నేను చెబుతున్నా.”

అందరం నవ్వాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

ఆ చలికాలం హిల్కాకు రాని రోగం లేదు. కీళ్ళు పట్టేశాయి, పన్ను సలిపింది, ఒకరోజు చుట్టాలెవరో పోయారట. మొదట్లో రోజుకు ఒకరిద్దరు వెనక్కి వచ్చేవారు. నవంబరు నాటికి ఒకే సాయంత్రం పదకొండుమంది స్కేట్లు ఆ గదిలో ఉండిపోయాయి. ఓస్మో ఏడుగురితో సాధన చేయించాడు. అందులో ఇద్దరు గోలీలు.

ఓస్మో ఓపిక నశించి హాలు కమిటీకి ఫిర్యాదు రాశాడు. కమిటీలో ఉన్న అయిదుగురూ ఓస్మో కన్నా చిన్నవాళ్ళు, చిన్నప్పుడు బాబాయి కిటికీ ముందు నిలబడ్డవాళ్ళే. గంటన్నర తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు. ఆ రోజు తీర్మానాల పుస్తకం నేను కళ్ళారా చూశాను. ‘రాయి ఆరోగ్యమును గూర్చి సుదీర్ఘముగా చర్చించడమైనది’ అని ఒక్క వాక్యమే ఉంది. కింద అయిదు సంతకాలు.

డిసెంబరులో ఒక సోమవారం ఉత్తరం వచ్చింది. పోస్టాఫీసులో వేరుచేస్తుంటే నా చేతికే తగిలింది. పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లల జాతీయ జట్టు ఎంపిక శిబిరం, శనివారం మొదలు. దేశం మొత్తం మీద నలభైమందిని పిలిచారు, అందులో సగంమంది జనవరిలో ప్రపంచ పోటీలకు వెళ్తారు. నలభైమందిలో మా విల్యా ఉంది. మా ఊరికి అలాంటి ఉత్తరం రావడం పదేళ్ళలో అదే మొదలు. నేను ఉత్తరాల సంచి మీద కూర్చుని ఏడ్చాను. ఇంటికెళ్ళి చూపిస్తే విల్యా రెండుసార్లు చదివి, “సరే,” అంది. మా పిల్లలు ఎక్కువ మాట్లాడరు. నేను పట్టించుకోలేదు.

బుధవారం స్కేట్లు తీసుకుని సానకు వెళ్ళింది. ఉత్త చేతులతో వచ్చింది.

“రాయి ఒప్పుకోలేదమ్మా.”

గురువారం మళ్ళీ పంపాను. మళ్ళీ ఒప్పుకోలేదు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి బస్సు. రెండింటికి పోస్టాఫీసు నుంచి హాలుకు ఫోన్ చేశాను. బాబాయి గదికి తాళం వేసి ఉందట, స్కేట్లు లోపలున్నాయట, తాళంచెవి ఏదని అడిగితే రాయికి తెలుసన్నాడట. కొత్త స్కేట్లు కొందామా అంటే రెండు వారాలు తొడిగితే గానీ కాలికి అలవాటు పడవు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని ఊరికే అనలేదు. ఓస్మోను వెంటబెట్టుకుని పరిగెత్తాను. పాపం కుంటుతూనే నాతో సమంగా వచ్చాడు.

బాబాయి గది ముందు బెంచీ మీద కూర్చుని జావ తాగుతున్నాడు. కోపమొస్తే నాకు మర్యాద ఎక్కువవుతుంది.

“తైస్తో గారూ, తాళం తీయండి.”

“ఐలా, రాయి ఇవాళ...”

“రాయి పేరెత్తారంటే ఆ రాయిని పట్టుకెళ్ళి సరస్సులో పారేస్తానండీ! నాలుగేళ్ళు! నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగి టాయిలెట్ కాగితం అమ్మానండీ నేను! మీ రాయి అలకలు తీర్చడానికా?”

ఆయన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఓస్మో గొంతు తగ్గించి బతిమాలాడు.

“బాబాయ్, ఇది ఆ పిల్ల బతుకు. ఈ ఒక్కసారి తప్పితే మళ్ళీ పిలుస్తారో లేదో.”

“తెలుసురా.”

“తెలిసీ ఇలా చేస్తావా?”

“తెలిసే చేస్తున్నా.”

నేను ఇంకేదో అనబోయాను. వెనక నుంచి విల్యా గొంతు వినిపించింది. ప్రయాణం సంచీ భుజాన వేసుకుని ఎప్పుడొచ్చిందో వచ్చి నిలబడింది.

“అమ్మా, తాతనేం అనకు. నేనే అడిగాను.”

“ఏమడిగావు?”

“రాయికి ఒంట్లో బాగోకుండా చూడమని.”

విల్యాకు మూడు వారాలుగా కుడి పాదం నొప్పిగా ఉందట. స్కేటు తాళ్ళు బాగా బిగిస్తే మొద్దుబారిపోతుందట, అలా నెట్టుకొస్తోందట. ఓస్మోకు చెప్పలేదు. నొప్పి అన్నవాళ్ళ పేరు జాబితాలో కిందికి పోతుందని పిల్లలందరికీ తెలుసు.

“మరి నాకెందుకు చెప్పలేదే?” అన్నాను.

“నువ్వు నాలుగు వందల కట్టలు అమ్మావమ్మా. కాలు నొప్పని నీతో ఎలా చెప్పను?”

నేను బాబాయి పక్కన బెంచీ మీద కూలబడ్డాను. నాకు సిగ్గేసింది. జీవితంలో చాలాసార్లు సిగ్గుపడ్డాను గానీ టాయిలెట్ కాగితం వల్ల అంత సిగ్గుపడతానని ఎన్నడూ అనుకోలేదు. బాబాయి తన కప్పు నా చేతిలో పెట్టాడు.

ఓస్మో మొహం పాలిపోయింది. “అంటే... మిగతావాళ్ళు కూడానా?” అని విల్యాను అడిగాడు.

“అందరూనండీ. జ్వరమొచ్చినవాళ్ళు, నిద్ర చాలనివాళ్ళు, భయమేసినవాళ్ళు. కుడి స్కేటు ముందిస్తే నిజంగా సాన కావాలని. ఎడమది ముందిస్తే రాయి ఒప్పుకోకూడదని. మీకు తెలీదా కోచ్?”

మాకు తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్లల నుంచి ఊళ్ళో స్కేట్లు తొడిగే ప్రతివాళ్ళకూ తెలుసు. పెద్ద జట్టులో ఆడే మీసాల కుర్రాళ్ళకు తెలుసు. తెలియనిది హాకీ ప్రగతి గురించి సభలు పెట్టుకునే మాకే.

“ముందే ఒక మాట చెప్తే నీ సొమ్మేం పోయింది బాబాయ్?” అన్నాను. మర్యాద తగ్గింది, అంటే కోపం పోయిందన్నమాట.

“ఎవరికీ చెప్పనని పిల్లలకి మాటిచ్చానమ్మా. నేను చెప్పలేదు కదా. మీ చేత తిట్లు తినడానికి హిల్కా ఉందిగా.”

ఓస్మో గోడకు ఆనుకున్నాడు. “నేను ఆడే రోజుల్లో ఈ ఏర్పాటు లేదే! ఉంటే నాకు తెలిసేదిగా.”

“లేదురా. నీ తర్వాతే.” బాబాయి ఓస్మో మోకాలి వైపు చూశాడు. “నువ్వు ఆఖరిసారి ఆడిన ఆ ఆదివారం పొద్దున స్కేట్లందిస్తూ గోడ పట్టుకున్నావు, గుర్తుందా? మోకాలు బుడ్డలా వాచి ఉంది. నేను చూశాను. చూసి కూడా సానపట్టి ఇచ్చాను. బ్రహ్మాండంగా పట్టానురా, మీసం గీసుకోవచ్చు దాంతో. ఆ రోజు రాయికి ఏ రోగమూ రాలేదు.”

ఓస్మో మెల్లగా వచ్చి మా పక్కన బెంచీ చివర కూర్చున్నాడు, మోకాలు చాపుకుని.

బాబాయి చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి నా ఒళ్ళో పెట్టాడు. “మీ పిల్ల, మీ స్కేట్లు. ఇంకా గంటుంది బస్సుకి. నువ్వు పట్టమంటే పడతాను. రాయి చెప్పాల్సింది చెప్పేసింది. ఇక నువ్వు చెప్పు.”

విల్యా నా వైపు చూసింది. నేను పట్టమంటే ఈ పిల్ల తాళ్ళు బిగించుకుని వెళ్తుందని ఆ చూపులోనే అర్థమైంది. ప్రపంచ పోటీలు, జాతీయ జట్టు చొక్కా, మా ఊరి పేరు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వదులుకోవడం తేలికైందని అబద్ధం చెప్పను. తాళంచెవి ఆయన జేబులో నేనే పడేసి, ఆసుపత్రికి కారు తీయమని ఓస్మోతో చెప్పాను.

పాదంలో ఒక సన్న ఎముకకు వెంట్రుకంత చీలిక. “ఇంకో రెండు రోజులు ఆడుంటే విరిగేది. విరిగితే మరలు బిగించాలి, తర్వాత సంగతి నేను చెప్పలేను,” అంది డాక్టరమ్మ. ఆరు వారాలు మంచు మీదికి వెళ్ళకూడదు. నేను ఆసుపత్రి వసారాలోంచే జాతీయ జట్టు కోచ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, “మీరు చెప్పడం మంచిదైంది. కుంటుతూ వచ్చి దాచేవాళ్ళను పట్టుకోవడమే ఇక్కడ నా సగం పని,” అంది. వచ్చే ఏడు మళ్ళీ చూస్తామంది కానీ మాటేమీ ఇవ్వలేదు. జనవరిలో పోటీలను టీవీలో చూశాం. విల్యా మొదటి ఆటకు ఏడ్చింది, రెండో ఆట నుంచి అందరి తప్పులూ ఎంచింది.

ఓస్మో ఆ నిపుణుడికి ఫోన్ చేసి దెబ్బలాడాడు. పక్కన నేనున్నాను.

“తొమ్మిదిసార్లు ఆడిస్తే పిల్లలు ఏమవుతారో మీరు చెప్పలేదేంటండీ?”

“ముప్పై రెండో పేజీ నుంచి చివరిదాకా విశ్రాంతి గురించేనండీ చెప్పింది.”

“ఆ పేజీ మాకు రాలేదు.”

“పేజీ వచ్చిందండీ. మీరే లేరు.”

తొమ్మిది ఆరయింది. రోజూ సాధనకు ముందు ఓస్మో పిల్లల గదిలోకి వెళ్ళి ఎవరికెలా ఉందని అడగడం మొదలెట్టాడు. చెప్పినవాళ్ళ పేరు జాబితాలో కిందికి పోదని గోడ మీద కాగితం అంటించాడు. మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. రెండో నెల గోలీ కుర్రాడు గొంతునొప్పి అన్నాడు. ఆ కుర్రాడి పేరు నిజంగానే చెక్కుచెదరలేదు. అప్పుడు మెల్లగా ఒక్కొక్కరూ మొదలెట్టారు.

మరుసటి చలికాలం శిబిరానికి విల్యాను మళ్ళీ పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. నేను చెప్పులేవో బూట్లేవో చూసుకోకుండా తొడుక్కుని హాలుకు పరిగెత్తాను. బాబాయి ఎవరి స్కేటో కంటిముందు పెట్టుకుని అంచు చూస్తున్నాడు.

“బాబాయ్! రెండోరోజు మళ్ళీ ఆ పాదమే కొంచెం సలిపిందట. వెళ్ళి కోచ్‌కి చెప్పేసిందట!”

ఆయన స్కేటు కిందపెట్టాడు. “నోటితోనా?”

“నోటితోనే.”

“అందరిముందూ?”

“అందరిముందే. ఒక పూట కూర్చోబెట్టారట. డాక్టరు చూసి, ఏం లేదు, ఆడొచ్చన్నారట.”

“పేరు కొట్టేశారా?”

“కొట్టేయలేదు బాబాయ్. ఎంపిక చేశారు! ప్రపంచ పోటీలకు వెళ్తోంది!”

ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. మొహం ముడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

“పిల్లలందరూ ఇలా నోరు తెరిచి చెప్పేయడం మొదలెడితే ఇక మేమెందుకమ్మా?”

‘మేము’ అన్నప్పుడు రాయి వైపు చూశాడు. నేను నవ్వి, ఊళ్ళో అందరికీ చెప్పాలని బయల్దేరాను. సగం దారిలో నా చేతి తొడుగులు ఆ బల్ల మీదే మరిచిపోయానని తెలిసి వెనక్కి వెళ్ళాను. కిటికీ వేసి ఉంది, లోపల బాబాయి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అంతవరకూ నేను ఆ రాయి కథంతా పిల్లల కోసం ఆడిన నాటకమే అనుకుంటున్నాను. తలుపు సందులోంచి చూస్తే గదిలో మరో మనిషి లేడు.

“విన్నావా హిల్కా, మన పిల్ల జాతీయ జట్టులో చేరింది,” అంటున్నాడు రాయి మీద చెయ్యి వేసి. కాసేపు వినిపించుకుంటున్నట్టు తల వంచాడు. “నాకూ అంతే సంతోషంగా ఉంది. సరే, ఇవాళ ఇద్దరం సెలవు పెడదాం.”

నేను తొడుగులు అడగకుండానే చప్పుడు చేయకుండా వచ్చేశాను.